ఏడేళ్ల పిల్లాడికి మందు మార్చే ముందు గడియారం చూడండి

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి దారంతో వేలాడే ఒక నోటుబుక్కు ఉంది. అందులో ఒక మంగళవారం పేజీ ఇది: "7:20 ఇడ్లీ రెండు. 7:40 మాత్ర. మధ్యాహ్నం బాక్సు సగం కూడా తినలేదు. 4:45 బూటు లేసు ముడిపడిందని అరగంట ఏడుపు. 10:50 నిద్ర."

ఈ ముక్కలు రాయడం మొదలుపెట్టకముందు మేం డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పింది ఒకటే. "మందు పడట్లేదు మేడం, మార్చండి." ఆవిడ పెన్ను కింద పెట్టి, "పడట్లేదంటే ఎప్పుడండీ? మాత్ర వేసిన గంటకా, బడిలోనా, ఇంటికొచ్చాకా, రాత్రా?" అని అడిగారు. నేను మా ఆవిడ మొహం చూశాను, తను నా మొహం చూసింది. నెలన్నర నుంచి ఇద్దరం టెన్షన్ పడి చస్తున్నాం కానీ, పిల్లాడు ఏ వేళకి ఎలా ఉంటున్నాడో ఇద్దరిలో ఎవరమూ చెప్పలేకపోయాం. మాకు గుర్తున్నదల్లా ఆ ఏడుపే.

మా వాడికి ఏడేళ్లు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురు లేకపోవడం), దానితోపాటు యాంగ్జయిటీ (అతిగా భయం, కంగారు) అన్నారు. నేను డాక్టర్ని కాను, అందుకే ఏ మందు ఎంత వాడాలో చెప్పడం లేదు. మా కుర్చీల్లో కూర్చున్న అమ్మానాన్నలు డాక్టరుతో తెలివిగా మాట్లాడటానికి ఏం తెలిసి ఉండాలో, మాకు ఆలస్యంగా తెలిసినవే రాస్తున్నాను.

ముందు ఈ రెండూ ఎలా కలగలిసిపోతాయో చూద్దాం. మనవాళ్లలో కుదురులేని పిల్లాడికి ఒక పేరు, భయస్తుడికి ఇంకో పేరు. ఒకడు "ఇల్లు పీకి పందిరేసేవాడు", ఇంకొకడు "అమ్మ కొంగు వదలనివాడు". ఒకే పిల్లాడు పొద్దున ఇదీ సాయంత్రం అదీ అయితే, "వేషాలేస్తున్నాడు" అంటారు. నిజానికి ఈ రెండూ కలిసి రావడం అరుదేమీ కాదు. అమెరికాలో ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం 1999లో ప్రచురించారు. అందులో 7 నుంచి 9 ఏళ్ల ఏడీహెచ్‌డీ పిల్లలు 579 మంది ఉంటే, దాదాపు మూడోవంతు మందికి యాంగ్జయిటీ కూడా ఉంది.

బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. టీచరు బోర్డు మీద లెక్క వేశారు, పిల్లాడి నోటుబుక్కు ఖాళీగా ఉంది. వాడి మనసు ఫ్యాను రెక్కల మీదికి వెళ్లిపోయిందా, లేక లెక్క వచ్చి కూడా తప్పు రాస్తే అందరూ నవ్వుతారని చెయ్యి కదల్లేదా? ఖాళీ పేజీ చూసి చెప్పలేం. కూర్చున్నచోట మెలికలు తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే కస్సుమనడం కూడా అంతే, రెండింటిలోనూ ఉంటాయి. మాకు కొంచెం పనికొచ్చిన తేడా ఏమిటంటే, ఏడీహెచ్‌డీకి చోటుతో పని లేదు. బడిలో, పెళ్లిలో, అమ్మమ్మగారింట్లో, వాడికెంతో ఇష్టమైన పుట్టినరోజు పార్టీలో కూడా ఉంటుంది, చాలామందిలో చిన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది. యాంగ్జయిటీకి మాత్రం ఒక విషయం కావాలి: అమ్మ కనపడకపోవడం, చీకటి, కొత్త మనిషి, తప్పు చేస్తానేమోనన్న కంగారు. సోమవారం పొద్దున వచ్చి ఆదివారం రాని కడుపునొప్పి దేని బాపతో వేరే చెప్పక్కర్లేదు. (ఫోన్ మాత్రం గంట సేపు కదలకుండా చూస్తాడు కాబట్టి ఏడీహెచ్‌డీ కాదు అనే వాదన మా చుట్టాల్లో ఎనిమిదిమంది చేశారు. ఫోను క్షణక్షణానికీ కొత్త బొమ్మ చూపించి పిల్లాడి దృష్టిని అదే పట్టుకుంటుంది, వాడు పట్టుకోనక్కర్లేదు. అది ఈ జబ్బు లేదనడానికి రుజువు కాదు.)

పైగా ఒకటి ఇంకోదాన్ని మేపుతుంది. రోజూ డైరీ మర్చిపోయి, రోజూ పెన్సిలు పోగొట్టుకుని, రోజూ తిట్లు తినే పిల్లాడికి బడి అంటే భయం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి. అలా పుట్టిన భయం ఏడీహెచ్‌డీ కాస్త అదుపులోకి రాగానే సగం తగ్గిపోవచ్చు. ఆ పిల్లాడికి భయం మందు అక్కర్లేకపోవచ్చు కూడా. అందుకే చాలామంది డాక్టర్లు రెండింటిలో ఏది పిల్లాడిని ఎక్కువ ఇబ్బంది పెడుతోందో దాన్ని ముందు పట్టుకుంటారు, రెండోదాన్ని కొన్నాళ్లు గమనిస్తారు. మొదటి రోజే రెండు మందులు రాయలేదని మేం కాస్త నిరాశపడ్డాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చేసిందే సరైనది.

ఒక్కో మందుకి ఒక్కో గడియారం

మందు పని చేస్తోందా లేదా అని మనం రోజుల లెక్కన తీర్పు చెప్పేస్తాం. మందులు మన లెక్కన నడవవు.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ గంటల మందు. మన దగ్గర అడ్వైజ్, ఇన్‌స్పిరల్, కాన్సర్టా లాంటి పేర్లతో వస్తుంది. మామూలు రకం వేసిన అరగంట, గంటలో పనిలోకి దిగి మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. నిదానంగా విడుదలయ్యే రకాలు తయారీని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటాయి. చిన్నపిల్లలకి సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ చూస్తారు. మర్నాటి పొద్దుటికి ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. అంటే ఈ మందు గురించి సమాచారం చాలా త్వరగా వచ్చేస్తుంది. డాక్టరు ఒప్పుకుంటే ఒక ఆదివారం వేయకుండా చూసి తేడా తెలుసుకోవచ్చు. ఈ సౌకర్యం మిగతా మందులకి లేదు.

ఏడీహెచ్‌డీకే ఇచ్చే ఆటమాక్సెటిన్ వారాల మందు. బరువును బట్టి లెక్క: కిలోకి అర మిల్లీగ్రాముతో మొదలై 1.2 దాకా. ఇరవై కిలోల పిల్లాడికి పదితో మొదలై పాతిక దగ్గరికి వెళ్తుంది. అసలు ఫలితం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి పది రోజుల్లో కనపడేది ఎక్కువగా కడుపులో వికారం, మగత. చాలామంది సరిగ్గా ఆ పదో రోజున "పనిచేయట్లేదు" అని ఆపేస్తారు. మందు ఇంకా దారిలోనే ఉంటుంది. దీని బలం ఏమిటంటే రోజంతా ఒకేలా ఉంటుంది, సాయంత్రం ఒక్కసారిగా దిగిపోదు. ఏడీహెచ్‌డీ, యాంగ్జయిటీ రెండూ ఉన్న పిల్లల మీద 12 వారాలు చేసిన ఒక పరీక్షలో రెండింటికీ కొంత మేలు చేసింది కూడా. బలహీనత ఏమిటంటే ఏకాగ్రత విషయంలో సగటున మిథైల్‌ఫెనిడేట్ అంత బలంగా పనిచేయదు. చిన్న సంగతి ఒకటి, ఈ కాప్స్యూల్ విప్పి పాలలో కలపకూడదు, ఆ పొడి కంటికి తగిలితే మంట.

క్లోనిడిన్ పేరు చీటీలో చూసి మందుల షాపతను "ఇది బీపీ మాత్ర కదండీ, ఎవరికి?" అంటాడు. నిజమే, ఆర్కమిన్ పేరుతో పెద్దవాళ్ల రక్తపోటుకి వాడేదే. పిల్లల్లో కుదురు కోసం, నిద్ర కోసం, ముఖ భుజాల అదురులు ఉంటే వాటి కోసం తక్కువ మోతాదులో ఇస్తారు. ఇది కొందరిని మత్తుగా పడుకోబెడుతుంది. అసలు జాగ్రత్త వేరే ఉంది. అలవాటైన తర్వాత దీన్ని ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ ఎగదన్నుతుంది. ఊరెళ్తూ మర్చిపోకూడని డబ్బా ఇదే.

యాంగ్జయిటీ కోసం ఇచ్చే సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్, ఎస్‌సిటలోప్రామ్ కూడా వారాల మందులే, వాటి సంగతి కాసేపట్లో.

ఈ గడియారాలు తెలియకుండా "నెలలో మూడు మందులు మార్చాం, ఏదీ పడలేదు" అంటే దాని అర్థం చాలాసార్లు, ఏ మందుకీ పరీక్ష రాసేంత టైం ఇవ్వలేదని.

భయాన్ని మందే తెచ్చిందా

మా అసలు అనుమానం ఇదే. నెట్‌లో వెతికితే స్టిమ్యులెంట్ మందులు, అంటే మిథైల్‌ఫెనిడేట్ లాంటివి, కంగారుని పెంచుతాయని వందచోట్ల ఉంటుంది. అది గాలికబురు కాదు. మిథైల్‌ఫెనిడేట్ పాత లేబుళ్ల మీద, తీవ్రమైన యాంగ్జయిటీ ఉన్నవాళ్లకి ఇవ్వొద్దనే ఉండేది. కానీ 2015లో, మూడువేలకు కాస్త తక్కువమంది పిల్లలున్న 23 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, సగటున ఈ మందులు వాడిన పిల్లల్లో యాంగ్జయిటీ ఫిర్యాదులు ఉత్తుత్తి మాత్ర (పోలిక కోసం ఇచ్చే, మందు లేని బిళ్ల) వేసుకున్నవాళ్ల కంటే కొంచెం తక్కువే వచ్చాయి. సగటు అనే మాట గట్టిగా పట్టుకోండి. సగటున తగ్గినా, మీ ఇంట్లో పిల్లాడికి పెరగొచ్చు. అది తేల్చేది లెక్కలు కాదు, మళ్లీ ఆ గడియారమే.

మాత్ర వేసిన ఒకటి రెండు గంటలకి, అంటే మందు బాగా ఎక్కినప్పుడు పిల్లాడు బిగుసుకుపోయి, గోళ్లు కొరుకుతూ, అడిగిందే అడుగుతూ, లేదా ఉలుకూ పలుకూ లేని బొమ్మలా కూర్చుంటున్నాడనుకోండి, మోతాదు ఎక్కువైందేమో, లేదా ఆ మందే వాడి ఒంటికి సరిపడదేమో అని డాక్టరు ఆలోచిస్తారు. పిల్లాడు కుదురుగా కూర్చోవడం మన లక్ష్యమే గానీ, వాడి నవ్వు పోకూడదు. బడివాళ్లు "ఇప్పుడు చాలా బుద్ధిగా ఉంటున్నాడండీ" అంటే సంతోషపడే ముందు ఆటల పీరియడ్‌లో ఆడుతున్నాడా అని అడగండి.

మందు దిగిపోయే వేళకి, అంటే బడి నుంచి వచ్చిన గంటలో ఏడుపు, కోపం, విసురు వస్తే దాన్ని రీబౌండ్ అంటారు. పొద్దుటి నుంచి ఆపిన నీళ్లు గేటెత్తగానే వదిలినట్టు ఉంటుంది. దీనికి మందు మొత్తం మార్చడం ఒక్కటే దారి కాదు. ఇంకాస్త ఎక్కువసేపు ఉండే రకానికి వెళ్లడమో, మధ్యాహ్నం చిన్న డోసు కలపడమో, ఏమీ చేయకుండా ఆ అరగంటని మనం సర్దుకోవడమో, ఏదైనా కావచ్చు. మధ్యాహ్నం డోసు కలిపితే రాత్రి నిద్ర ఇంకా వెనక్కి జరగొచ్చు, ఇలాంటి బేరాలు ప్రతి మార్పులోనూ ఉంటాయి.

మాత్ర వేసినా, వేయకపోయినా, పొద్దునా, సాయంత్రమూ, ఆదివారమూ భయం అలాగే ఉంటే అది భయమే, మందు మీద నేరం మోపక్కర్లేదు. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. మందు పనిచేయడం మొదలయ్యాక పిల్లాడు ఇదివరకు పట్టించుకోనివి గమనిస్తాడు. ఎవరో తనని ఆటలోకి పిలవడం లేదని, తన రాత మిగతావాళ్లలా లేదని వాడికి అప్పుడే తెలుస్తుంది. అప్పుడొచ్చే దిగులు మందు దుష్ఫలితంలాగే కనపడుతుంది.

మా నోటుబుక్కు రెండు వారాలు నిండాక తేలింది ఇది: ఏడుపు దాదాపు ఎప్పుడూ నాలుగున్నర, అయిదున్నర మధ్యే. మధ్యాహ్నం బాక్సు తినని రోజున ఎక్కువ. మా వాడిది ఎనిమిది గంటల రకం, 7:40కి వేస్తే మూడున్నర దాటాక దిగుతుంది. ఆకలి చంపే మందు దిగగానే, పొద్దుటి రెండు ఇడ్లీల మీద బతుకుతున్న పిల్లాడికి ఆకలి, అలసట, కుదురు లేకపోవడం మూడూ ఒకేసారి మీద పడుతున్నాయి. బూటు లేసు పాపం దొరికింది కదా అని.

ఆ నెలలోనే ఇంకో ఘనకార్యం మా ఇంట్లో జరిగింది. దసరా సెలవులకి వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు, పిల్లాడు మాత్ర మింగలేక ఉమ్మేస్తున్నాడని మా అత్తయ్యగారు చక్కగా రోట్లో నూరి తేనెలో రంగరించి నాకించారు, వారం రోజులు. ఆవిడ తప్పేం లేదు, నా చిన్నప్పుడు నాకు ప్రతి బిళ్లా అలాగే వేశారు. కానీ నిదానంగా విడుదల కావాల్సిన మాత్రని నూరితే ఎనిమిది గంటల మందంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. పదింటికల్లా గుండె దడదడ, చెమటలు, "నాకు భయమేస్తోంది అమ్మమ్మా", మధ్యాహ్నానికి మళ్లీ పాత కోతే. మేం దాన్ని "మందు పడటం లేదు" ఖాతాలో రాశాం. తేనె సంగతి డాక్టరు అడిగితే తప్ప బయటికి రాలేదు. కాబట్టి మందు మార్చమని అడిగే ముందు, ఆ మందుని ఎవరు, ఎప్పుడు, ఎలా వేస్తున్నారో ఇంట్లో ఒకసారి విచారించుకోండి.

నోటుబుక్కు చూసి డాక్టరు మందు మార్చలేదు. మాత్రకి ముందే కడుపునిండా పెట్టమన్నారు, నాలుగింటికి గుమ్మంలోనే ఏదో ఒకటి చేతికివ్వమన్నారు, బూట్లూ స్నానం హోంవర్కూ అన్నీ ఆ తర్వాతే అన్నారు. "మూడు వారాలు ఇంకేమీ మార్చకండి" అని గట్టిగా చెప్పారు. ఒకసారికి ఒక్క మార్పు, ఇదే పాటించడానికి కష్టం. మనం మందూ, ట్యూషనూ, పడుకునే గదీ, డైటూ అన్నీ ఒకే సోమవారం మార్చేసి, తర్వాత ఏది పనిచేసిందో తెలియక మళ్లీ అన్నీ మారుస్తాం.

సాయంత్రం ఏడుపు పది నిమిషాలకి దిగింది. భయం మాత్రం దిగలేదు. వాళ్లమ్మ కింద షాపుకి వెళ్తానన్నా వాడు చీర పట్టుకు వేలాడేవాడు. ఆదివారం మాత్ర లేకుండా చూస్తే అదీ అంతే. అప్పుడే మాకు నమ్మకం కుదిరింది, ఇది మందు తెచ్చింది కాదని.

భయానికి మందా, మాటా

పిల్లల యాంగ్జయిటీకి ఏం పనిచేస్తుందో చూసిన పరీక్షల్లో బాగా పేరున్నది 2008లో వచ్చింది. 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మంది. 12 వారాల తర్వాత సెర్ట్రలిన్, సీబీటీ అనే మాటల చికిత్స రెండూ అందినవాళ్లలో దాదాపు 81 శాతం మంది బాగా మెరుగయ్యారు. సీబీటీ ఒక్కటే అయితే 60, మందు ఒక్కటే అయితే 55, ఉత్తుత్తి మాత్రకి 24. అంటే ఒంటరిగా చూస్తే మాటల చికిత్స మందుకి ఏమాత్రం తీసిపోలేదు. ఎంటీఏలో కూడా, యాంగ్జయిటీ ఉన్న ఏడీహెచ్‌డీ పిల్లలకి ప్రవర్తన శిక్షణ మిగతా పిల్లలకంటే బాగా పట్టింది. భయం తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న ఏడేళ్ల పిల్లాడికి ముందు ఈ దారి తొక్కడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇబ్బంది ఎక్కడంటే, తెలుగులో చిన్నపిల్లలతో ఇది చేయగలిగేవాళ్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటితే దొరకడం కష్టం, దొరికినా వారం వారం ఫీజు. అందుకే కొంత ఇంట్లోనే చేయాల్సి వస్తుంది. మాకు ఇచ్చిన పని ఒక నిచ్చెన. మొదటి మెట్టు, అమ్మ బాత్రూం తలుపు వేసుకుంటుంది, వాడు ఇరవై లెక్కపెడతాడు. రెండోది, అమ్మ డాబా మీదికి వెళ్లి బట్టలు తీసుకొస్తుంది. మూడోది, గేటు దాకా. నాలుగోది, కింద షాపుకి వెళ్లి పాల ప్యాకెట్ తెస్తుంది. ఒక్కో మెట్టు మీద వాడికి విసుగొచ్చేదాకా ఉండాలి, ఏడుపు మొదలవగానే అమ్మ పరుగెత్తుకు వచ్చేస్తే ఏడుపే రిమోట్ అని వాడికి అర్థమవుతుంది. చెప్పినంత తేలిక కాదు. డాబా మీద బట్టలు పట్టుకుని మా ఆవిడ కూడా ఏడ్చిన రోజు ఉంది.

ఇక మందు అవసరమైతే. బడి మానేసేంత, తిండి మానేసేంత, రాత్రిళ్లు ఎవరికీ నిద్ర లేనంత భయం ఉంటే ఆగడం మంచితనం కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ యాంగ్జయిటీ కోసం ఎస్‌సిటలోప్రామ్‌కి 7 ఏళ్లు నిండినవాళ్లకి 2023లో అనుమతి ఇచ్చింది. సెర్ట్రలిన్‌కి అక్కడ పిల్లల్లో ఉన్న అనుమతి 6 ఏళ్ల నుంచి ఓసీడీకి (అదే ఆలోచన, అదే పని పదేపదే వదలకపోవడం) మాత్రమే, అయినా యాంగ్జయిటీకి డాక్టర్లు ఎక్కువగా వాడేవాటిలో అదొకటి. డబ్బా మీద రాయని వాడకం అన్నంత మాత్రాన తప్పుడు వాడకం కాదు, పిల్లల మందుల్లో ఇది మామూలే.

ఈ మందుల మీద 2004లో ఎఫ్‌డీఏ పెట్టించిన నల్లగీత హెచ్చరిక (లేబుల్ మీద నల్ల గీతల చట్రంలో ఉండే గట్టి హెచ్చరిక) చదివితే ఏ తల్లికైనా చెయ్యి వణుకుతుంది. అది చెప్పేది ఇది: 24 పరీక్షలు కలిపి చూస్తే ఆత్మహత్య ఆలోచనలు లేదా అలాంటి ప్రవర్తన మందు వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం. ఆ పరీక్షల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. ఆటమాక్సెటిన్‌కి కూడా 2005లో ఇలాంటి హెచ్చరిక వచ్చింది. కాబట్టి మొదటి కొన్ని వారాలు, డోసు పెంచినప్పుడల్లా, కళ్లు తెరుచుకుని ఉండాలి. వాడొద్దని దీని అర్థం కాదు.

చిన్నపిల్లల్లో ఇంకా తరచుగా కనపడేది వేరే. ఈ భయం మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరు పిల్లలు మరీ హుషారైపోతారు, నోటికి అడ్డూ ఆపూ ఉండదు, కాలు నిలవదు, నిద్ర పోదు. చూసేవాళ్లకి "అయ్యో, ఏడీహెచ్‌డీ ముదిరింది" అనిపిస్తుంది. అప్పుడు భయం మందు డోసు తగ్గించాల్సింది పోయి, ఏడీహెచ్‌డీ మందు పెంచితే కథ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. ఇక్కడే తేదీలు రాసిన నోటుబుక్కు పిల్లాడిని కాపాడుతుంది. ఇంకొకటి, ఫ్లూఆక్సెటిన్ లివర్‌లో ఆటమాక్సెటిన్ కరిగే దారిని మూసేస్తుంది, రెండూ కలిపి ఇస్తే రక్తంలో ఆటమాక్సెటిన్ బాగా పెరిగిపోతుంది. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపిస్తుంటే ఒకరి చీటీ ఇంకొకరికి తప్పకుండా చూపించండి. రిస్పెరిడోన్ లాంటిది రాస్తే మాత్రం దేనికోసమని మొహమాటం లేకుండా అడగండి. విపరీతమైన కోపావేశాలకి దానికో చోటుంది, బరువు పెంచే గుణమూ ఉంది, వట్టి భయానికీ వట్టి కుదురులేనితనానికీ అది మొదటి మందు కాదు.

మా వాడికంటే చిన్నపిల్లలున్నవాళ్లకి లెక్క వేరు. ఆరేళ్లలోపు అయితే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019 మార్గదర్శకాలు ముందు అమ్మానాన్నలకి శిక్షణ అంటాయి, అది సరిపోకపోతేనే మిథైల్‌ఫెనిడేట్. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి ఆ మందు పనిచేసింది గానీ పెద్దపిల్లలకి పనిచేసినంత కాదు, దుష్ఫలితాలు తట్టుకోలేక మానేసినవాళ్లు 11 శాతం దాకా ఉన్నారు. నిదానంగా విడుదలయ్యే రకాలతో ఆరేళ్లలోపు పిల్లలు బరువు తగ్గుతున్నారని 2025లో ఎఫ్‌డీఏ లేబుళ్లు మార్పించింది.

ఎదుగుదల గురించి అమ్మమ్మల బెంగలో నిజం లేకపోలేదు. ఎంటీఏ పిల్లల్లో మూడేళ్లు వరసగా మందు వాడినవాళ్లు వాడనివాళ్ల కంటే సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. కాబట్టి మూణ్ణెల్లకో ఆరునెల్లకో ఎత్తు, బరువు, బీపీ, నాడి చూసి రాయాలి. మా వాడికి పెరుగన్నంలో నెయ్యి, రాత్రి తొమ్మిదింటికి వేరుశెనగ చిక్కీతో పాలు నడుస్తున్నాయి. మందు దిగాక రాత్రిపూట ఆకలి బాగా వేస్తుంది, ఆ సమయాన్ని వదులుకోవద్దు.

మందు మారడానికి మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది, వైద్యంతో సంబంధం లేనిది: షాపులో దొరక్కపోవడం. మిథైల్‌ఫెనిడేట్ మన చట్టంలో షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి వేరే లైసెన్సు ఉన్న షాపే అమ్మాలి, చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అందుకే వీధి చివరి మెడికల్ షాపులో ఉండదు, పెద్దాసుపత్రుల షాపుల్లో ఉంటుంది, అక్కడా ఒక్కోసారి "వచ్చేవారం వస్తుందండీ". నేను ఒక శనివారం బండి మీద నాలుగు షాపులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చాను. ఇలా అయిపోయినప్పుడు వేరే బ్రాండు, వేరే రకం ఇచ్చేస్తారు, అదే డోసు అనిపించినా విడుదలయ్యే వేళలు ఒకటి కాకపోవచ్చు. మళ్లీ నాలుగింటి ఏడుపు మొదలైతే పిల్లాడిని కాదు, ముందు డబ్బాని చూడండి. టెక్సాస్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు వేసవికి వచ్చినప్పుడు వాళ్ల అమ్మాయి వాడే అడరాల్ అనే ఏడీహెచ్‌డీ మందు అయిపోయి ఇక్కడ కొందామనుకుంది. అది మన దేశంలో అమ్మరు. బయల్దేరే ముందే అక్కడి డాక్టరుతో మాట్లాడి, చీటీ, ఉత్తరం, సరిపడా మందు, ప్రయాణపు నిబంధనలు అన్నీ చూసుకుని రావాలి.

ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాల్సినవి కొన్ని: కళ్లు తిరిగి పడిపోవడం, గుండెనొప్పి, లేనివి కనపడుతున్నాయనడం, కళ్లు పచ్చబడటం, "నేను చచ్చిపోతే బాగుండు" అనే మాట, అది కోపంలో అన్నా సరే. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయి ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. డాక్టరు అందుబాటులో లేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే మాత్రం ఫోన్లతో ఆగకుండా నేరుగా ఆసుపత్రికే.

నిన్నటి పేజీలో ఇలా ఉంది: "7:10 దోసెలు మూడు. 7:40 మాత్ర. బాక్సు ముప్పావు. 4:10 గుమ్మంలో పెసరట్టు. 4:45" అని రాసి పక్కన ఏమీ రాయలేదు మా ఆవిడ, రాయడానికేమీ లేక. కింద వేరే ఇంకుతో ఒక లైను: "షాపుకి వెళ్లొచ్చాను. కిటికీలోంచి నూట పన్నెండు లెక్కపెట్టాడట." వచ్చే బుధవారం అపాయింట్‌మెంట్. భయానికి మందు మొదలుపెడదామా అని పోయినసారి డాక్టరే అడిగారు, ఆలోచించుకుని రమ్మన్నారు. ఈ పేజీ చూపించి, ఇంకో ఆరు వారాలు ఆగొచ్చా అని అడగాలనుకుంటున్నాం. ఆగొద్దంటే ఎందుకో కూడా అడుగుతాం.